పాటల రికార్డింగుకు ల్యాప్‌టాపా? డెస్క్‌టాపా?

ఇంటి దగ్గరే పాటలు రికార్డు చేసుకోవాలనుకునే తమ్ముళ్లు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. మా అనుభవం చెబుతున్నాం.

పూర్వ విద్యార్థులం కొందరం చందాలేసుకుని మొదట డెస్క్‌టాప్ కొన్నాం. అదే ధరకు వచ్చే ల్యాప్‌టాప్ కంటే దాని సామర్థ్యం ఎక్కువ. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు. ఒక భాగం చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు. ఫ్యాను హోరు మైకులో పడకుండా సి.పి.యు.ను దూరంగా పెట్టాలి. యు.పి.ఎస్. తప్పనిసరి. అది లేకనే ఒకరోజు కరెంటు పోయి, సేవ్ చేయని పాట మొత్తం పోగొట్టుకున్నాం.

తర్వాత, నాట్లప్పుడు మా అమ్మలు పాడే పాటలు రికార్డు చేద్దామనుకున్నాం. వాళ్లు కూలి మానుకొని పట్నం రాలేరు. కంప్యూటరే వాళ్ల దగ్గరికి పోవాలి. అందుకే రెండోసారి ల్యాప్‌టాప్ కొన్నాం. బ్యాటరీ ఉంటుంది కనుక కరెంటు భయం లేదు. చార్జర్ వల్ల గుయ్‌మనే శబ్దం వస్తే ప్లగ్గు తీసి రికార్డు చేయవచ్చు.

ఏది కొన్నా 16 జీబీ ర్యామ్, ఎస్.ఎస్.డి. ఉంటే మంచిది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తీసుకుంటుంది. 10 ట్రాకులతో 5 నిమిషాల పాటకు 430 ఎంబీ కావాలి. ఉన్న డబ్బంతా కంప్యూటరుకే పెట్టకుండా మైకుకు, ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కొంత మిగుల్చుకోండి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

ఒకే గదిలో పాడేవారికి డెస్క్‌టాప్ లాభం. పాట ఉన్నచోటికి వెళ్లేవారికి ల్యాప్‌టాపే మేలు. వచ్చే వార్షికోత్సవానికి మీ ఊరి పాట ఒకటి తెస్తారని ఆశిస్తున్నాం.