పొగ పోయే దారి

బియ్యపు మిల్లులో ధాన్యం ఆడగా మిగిలిన ఊకను ఆ మిల్లు బాయిలరు కిందనే పోసి మండించడం, పొయ్యిలో మిగిలిన బూడిదతో ఆ పొయ్యి మీద మసిబారిన గిన్నెలనే తోమడం పల్లెపట్టులవారికి కొత్త సంగతులు కావు. పనికిరాదని పారవేసిన దానిచేతనే మరొక పని చేయించుకొనడం పొదుపునకు మొదటి పాఠం. మోటారు కారులో ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టిన యంత్రం టర్బోచార్జరు.

పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో సుమారు మూడవ వంతు వేడి రూపంలో పొగ వెంట బయటికి పోతుంది. ఆ పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రాన్ని నిలిపితే పొగ దానిని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన అమర్చిన మరొక చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నెడుతుంది. గాలి ఎక్కువైనకొద్దీ ఎక్కువ ఇంధనం మండుతుంది. చిన్న ఇంజను పెద్ద ఇంజను చేసే పని చేస్తుంది. ఈ చక్రాల వేగం నిమిషానికి లక్ష చుట్లను మించుతుంది.

కావున మామూలు కారులో పొగగొట్టం ఇంటి మురుగు కాలువ వంటిదైతే, టర్బో కారులో అది చేలకు నీరు తెచ్చే కాలువ వంటిది. మురుగు కాలువకు గండి పడితే కంపు కొడుతుంది. సాగు కాలువకు గండి పడితే పంట పోతుంది. పాతబడిన టర్బో కారులో పొగగొట్టం చిల్లుపడడం చిన్న విషయం కాదని అనడానికి కారణం ఇదే.

ట్రోల్‌హెట్టన్ కారు

పొగచేత పని చేయించే ఈ ఊహ పాతదే. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. మొదట పెద్ద డీజిలు ఇంజన్లలో, ఓడలలో అది స్థిరపడింది. ప్రయాణపు కార్లలో 1962లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ప్రవేశపెట్టినా అప్పటికి అది జనాదరణ పొందలేదు. 1973లో బి.ఎం.డబ్ల్యు., ఆ తరువాత పోర్షె కంపెనీలు చేసిన టర్బో కార్లు వేగప్రియుల వేడుకకు మాత్రమే పరిమితమైనవి.

దానిని నిత్యజీవితపు కారులోనికి దింపిన ఘనత స్వీడను దేశపు సాబ్ కంపెనీకి దక్కింది. సాబ్ 1937లో విమానాలు చేయడానికి పుట్టిన సంస్థ. కార్ల ఉత్పత్తి 1949 చివరలో ఆరంభించింది. దాని కర్మాగారం గోటా నది ఒడ్డున ట్రోల్‌హెట్టన్ పట్టణంలో ఉండేది. ఆ పట్టణపు జలపాతాల దగ్గర 1910 నుండి నీటి వేగంతో టర్బైన్లు తిప్పి విద్యుత్తు తీస్తున్నారు. నీరు చేసే పనిని పొగచేత చేయించిన కారు కూడా ఆ ఊరినుండే రావడం ముచ్చట గొలిపే సంగతి. పేర్ గిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు పూనికతో తయారైన సాబ్ 99 టర్బో 1977లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. రెండు లీటర్ల ఇంజను టర్బో లేనప్పుడు సుమారు 118 అశ్వశక్తి ఇచ్చేది. టర్బోతో 145 ఇచ్చింది. చిన్న టర్బైను పెట్టి, తక్కువ వేగంలోనే అది పని చేసేటట్లును, ఒత్తిడి మితిమీరినప్పుడు మిగులు పొగను పక్కదారిన విడిచిపెట్టేటట్లును అమర్చడం అందులోని కిటుకు. 1978లో వెలువడిన సాబ్ 900 ఈ విద్యను పదిహేనేళ్లు కొనసాగించింది. ఆ కార్లలో కొన్ని నేటికీ స్వీడనులోను, ఇతర దేశాలలోను తిరుగుతున్నవి. ఇంజను గట్టిదే, ముందుగా ఓడిపోయేది దాని కింద వేలాడే గొట్టం.

గండి పడిన చోటును బట్టి

ఇంజను నుండి టర్బైను వరకు ఉన్న దారి ఒకటి; టర్బైను దాటి, సైలెన్సరు మీదుగా కారు వెనుక కొస వరకు ఉన్న దారి మరొకటి. మొదటి దారిలో బీట పడితే పొగ ఒత్తిడి చక్రాన్ని చేరక ముందే జారిపోతుంది. కాలు నొక్కినా కారు తడవు తడవుగా కదులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నీరసిస్తుంది. పైగా ఆ సందునుండి చిమ్మే పొగ వేడి, ఇంజను కష్టపడుతున్నప్పుడు, 800 డిగ్రీల సెంటిగ్రేడును దాటవచ్చు. ప్రక్కనున్న తీగలకు, రబ్బరు గొట్టాలకు అది నిప్పుతో సమానం.

రెండవ దారిలో చిల్లుపడితే బలం అంతగా తగ్గదు. చప్పుడు, వాసన ఎక్కువవుతాయి. అయితే పొగలోని ప్రాణవాయువును కొలిచే గ్రాహకం ఉన్న కార్లలో మరొక తంటా ఉన్నది. గొట్టంలో పొగ ఒక్క ధారగా సాగదు. గుండె కొట్టుకొన్నట్లు విడతలు విడతలుగా పోతుంది. ఒక విడతకూ మరొక విడతకూ నడుమ చిల్లుగుండా బయటిగాలి లోనికి జొరబడుతుంది. ఆ చిల్లు గ్రాహకానికి ముందున ఉంటే, ఇంజనుకు ఇంధనం చాలడంలేదని అది భ్రమపడి, అవసరం లేకున్నా పెట్రోలు ఎక్కువగా పోయిస్తుంది. ఖర్చు పెరుగుతుంది, పొగను శుద్ధిచేసే పాత్ర వేడెక్కి పాడవుతుంది.

కంటికి కనబడని శత్రువు

డబ్బు నష్టం ఒక ఎత్తు. ప్రాణభయం మరొక ఎత్తు. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అది పట్టుకొంటుంది. ముందు తలనొప్పి, తరువాత వికారం, ఆపైన మగత. బండి నడిపేవాడు అలసట అనుకొని అద్దాలు బిగించుకొని సాగిపోతే ఆ మగతే మృత్యువవుతుంది.

శీతల దేశాలలో ఈ ముప్పు మరింత ఎక్కువ. బయట మంచు, లోపల మూసిన అద్దాలు, నడుస్తున్న హీటరు. పాత కారు నేలరేకు తుప్పుపట్టి రంధ్రాలు పడి ఉంటే అడుగున కారే పొగ లోనికి రావడానికి దారి సిద్ధంగానే ఉంటుంది. వాసన లేదు గనుక విషం లేదనుకొనడం పొరపాటు. స్వీడనులో వాహనాలను నియత కాలంలో తనిఖీ చేసేటప్పుడు పొగగొట్టాన్ని ప్రత్యేకంగా పరీక్షించడం ఇందువల్లనే. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నీరు, నిప్పు, ఉప్పు

నిప్పువంటి పొగ పోయే గొట్టం తడివల్ల చెడుతుందంటే వింతగా తోస్తుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరప్రయాణంలో గొట్టమంతా వేడెక్కి ఆవిరి బయటికి పోతుంది. ఇంటినుండి అంగడికి, అంగడినుండి ఇంటికి తిరిగే కారులో గొట్టం వేడెక్కేలోగానే ఇంజను ఆగుతుంది. ఆవిరి చల్లబడి సైలెన్సరు అడుగున నిలుస్తుంది. పొగలోని ఆమ్లాలు అందులో కలిసి ఇనుమును లోపలినుండి తింటాయి. బయటినుండి తినడానికి, మంచు కరగడం కోసం స్వీడను రోడ్లపై చల్లే ఉప్పు ఉండనే ఉన్నది. పైకి నిలకడగా కనిపించే గొట్టం పానా తగిలేసరికి పెచ్చులుగా రాలడం మెకానిక్కులకు అనుభవమే. తుమ్మితే ఊడే ముక్కన్నట్లు ఉన్న అటువంటి గొట్టానికి రేకు చుట్టినా, పట్టీ కట్టినా అది నాలుగు రోజుల ముచ్చటే. తుప్పు మీద వెల్డింగు నిలువదు. అతుకుకు ఆధారంగా మంచి ఇనుము ఉండాలి గదా!

పాతది తీయడమే అసలు పని

కొత్త గొట్టం బిగించడం తేలిక. పాతదానిని విడదీయడంలోనే ఓర్పు తెలుస్తుంది. ముందు చిల్లు ఎక్కడో కనిపెట్టాలి. చల్లని ఇంజను నడిపించి, వెనుక కొసను మందపాటి గుడ్డతో క్షణకాలం అదిమితే కారే చోట బుస్సుమంటుంది. అతుకుల వద్ద నల్లని మసి చారలు కూడా జాడ చెబుతాయి. ఈ పరీక్ష ఆరుబయటనే చేయాలి; మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు.

ముందునాటి రాత్రే నట్లపై పలుచని నూనె పోసి నానబెట్టాలి. మర్నాడు కారును ఎత్తి గట్టి స్టాండ్లపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కింద దూరడం ప్రాణంతో చెలగాటం. టర్బైను దగ్గరి స్టడ్డులు ఏళ్ల తరబడి ఎర్రగా కాలి, చల్లారి, పెళుసెక్కి ఉంటాయి. బలం చూపితే పుటుక్కున విరుగుతాయి. విరిగిన స్టడ్డును తొలిచి తీయడానికి ఒక పూట చాలకపోవచ్చు. అందుచేత కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ, అవసరమైతే మంటతో నట్టును వేడిచేస్తూ సాగాలి. గొట్టాన్ని కోసి ముక్కలుగా తీస్తే తప్పులేదు. అది ఎటూ పారవేసేదే. విద్యుత్తుతో వెల్డింగు చేయవలసివస్తే ముందుగా బ్యాటరీ తీగలు విప్పాలి. లేకుంటే కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు దెబ్బతినవచ్చు.

కొత్త గొట్టాన్ని ఎన్నుకొనడంలోనూ వివేకం కావాలి. టర్బైనుకు ముందు ఒత్తిడి ఎక్కువగాను, వెనుక తక్కువగాను ఉంటేనే చక్రం చురుకుగా తిరుగుతుంది. చవకగా దొరికిందని ఇరుకు గొట్టం పెడితే వెనుక ఒత్తిడి పెరిగి, చిల్లు పూడిన సంతోషం కాస్తా బలం తగ్గిన విచారమవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ధర ఎక్కువ, మన్నిక ఎక్కువ. మామూలు ఉక్కుకంటె వేడికి ఎక్కువగా సాగుతుంది గనుక వేలాడే రబ్బర్ల దగ్గర దానికి తగిన చోటు విడవాలి.

అతుకుల ముఖాలు గీకి శుభ్రం చేసి, కొత్త ప్యాకింగులు, కొత్త నట్లు వాడాలి. మరలకు రాగిపొడి కలిసిన గ్రీజు పూస్తే తరువాతివాడికి మేలు చేసినవారవుతారు. మొదట గొట్టమంతటినీ వదులుగా తగిలించి, ఎక్కడా నేలరేకును, ఇరుసును తాకకుండా సరిచూసి, ఆపైన ముందునుండి వెనుకకు వరుసగా బిగించాలి. ఒక కొస గట్టిగా బిగించి రెండవ కొసను బలవంతాన లాగితే ఆ ఒత్తిడి అంతా అతుకు మీద పడి కొత్తదీ పగులుతుంది. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత నట్లను మళ్లీ సరిచూడాలి.

తయారుచేసినవారు లేని కారు

2011 డిసెంబరు 19న సాబ్ కార్ల కంపెనీ దివాలా తీసింది. ట్రోల్‌హెట్టన్‌లో ఆ కార్ల చరిత్రను చెప్పే మ్యూజియం మిగిలింది. విడిభాగాల సంస్థ మాత్రం మునిగిపోలేదు; స్వీడను ప్రభుత్వం చేతికి వచ్చి, 2013లో ఓరియో అనే పేరు ధరించి సరఫరా సాగించింది. ఇతర తయారీదారులు కూడా ఈ పాత కార్లకు కొలత ప్రకారం పొగగొట్టాలు చేస్తూనే ఉన్నారు. కంపెనీ పోయినా కారు బతుకుతున్నదంటే దానికి వీరితోపాటు, కారు కింద వెల్లకిలా పడుకొని తుప్పు రజను కళ్లలో పడుతున్నా పానా వదలని మనుషులు కూడా కారణం.

గొట్టం ఖరీదు కారు ఖరీదులో కొద్ది భాగమే. ఆ ఖర్చుకు, ఆ శ్రమకు వెనుదీసి ఇంకా చాలా కాలం నడవగల ఇంజనును తుక్కుకు వేసేవారు ఉన్నారు. అంతకంటె హెచ్చు అపాయానికి ఒడిగట్టి, చిల్లుతోనే బిడ్డలను ఎక్కించుకొని తిరిగేవారూ ఉన్నారు. పొగను పనిలో పెట్టుకొన్న మనిషి దానికి సరైన దారి కూడా చూపవలసి ఉంటుంది. ఆ దారి చెడిననాడు పని చేసిపెట్టిన పొగే మనిషి ఊపిరికి ఎదురుతిరుగుతుంది.