మద్యపుటంగడి వేళను నిర్ణయించునదెవరు?

సిద్దిపేట జిల్లాలోని మిరుదొడ్డి పెద్ద పట్టణము కాదు. ఒక మండల కేంద్రము. దుబ్బాక శాసనసభా నియోజకవర్గములోనిది. 2016 అక్టోబరు 11 వరకు మెదకు జిల్లాకు చెందియుండెను. ఇట్టి ఊరిలో మద్యపుటంగడి ఎప్పుడు తెరువవలెను, ఎప్పుడు మూయవలెను అను ప్రశ్నకు సమాధానము ఆ ఊరిలో దొరకదు. అది హైదరాబాదునుండి రావలెను. ఇటీవలి తెలంగాణ విధానముల ప్రకారము అంగళ్లు ఉదయము 10 గంటలకు తెరచుకొనును. హైదరాబాదు మహానగరమున రాత్రి 11 వరకు, తక్కిన చోట్ల 10 వరకు అమ్మవచ్చును. నగరవాసికిని గ్రామవాసికిని నడుమ భేదము ఒక్క గంట మాత్రమే. కాని ఇట్టి భేదముల వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

భారత రాజ్యాంగమున మద్యము రాష్ట్రముల అధికారములోని విషయము. ఏడవ షెడ్యూలునందలి రాష్ట్ర జాబితాలో 8వ అంశము మద్యపు ఉత్పత్తిని, రవాణాను, క్రయవిక్రయములను రాష్ట్రములకు అప్పగించినది. 51వ అంశము దానిపై సుంకము విధించు హక్కును గూడ వానికే ఇచ్చినది. అయినను 47వ అధికరణము మత్తు పానీయములను మాన్పింప యత్నింపవలెనని ఆ రాష్ట్రములకే ఉపదేశించుచున్నది. ఒక చేతితో వసూలు చేయుము, రెండవ చేతితో వారింపుము అన్నట్లున్నది. ఈ రెండు చేతులలో ఏది బలపడిన దానిననుసరించి ప్రాంతమునకొక నియమము ఏర్పడుచు వచ్చినది.

తెలుగువారి చరిత్రయే ఇందుకు నిదర్శనము. మదరాసు రాజధానిలో రాజాజీ మంత్రివర్గము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మరుసటి యేట కడప, చిత్తూరు జిల్లాలకు విస్తరింపజేసినది. పోయిన ఆబ్కారీ ఆదాయమును పూడ్చుకొనుటకు 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. 1948 నాటికి నిషేధము మదరాసు రాష్ట్రమంతట వ్యాపించెను. తుంగభద్రకు ఉత్తరమున, నిజాము రాజ్యమున, కథ వేరు. అచట 1316 ఫసలీ నాటి ఆబ్కారీ చట్టము అమలులో నుండెను. తాటిచెట్టు, ఈతచెట్టు సర్కారు లెక్కకెక్కెను. దుకాణములు హర్రాజున గుత్తేదారుల పాలయ్యెను. ఆ రాబడి ఖజానాకు పెద్ద అండగా నిలిచెను. మిరుదొడ్డి ఈ శాసనము క్రిందిది. కడప రైతునకు కల్లు ముట్టుట నేరమైన దినములలో మిరుదొడ్డి రైతునకు అది సాయంకాలపు అలవాటు. ఇరువురి భాష ఒకటే, ఇరువురి అలసట ఒకటే. ఏలిన ప్రభువులు మాత్రము వేరు.

1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమునకు మదరాసు నిషేధము వారసత్వముగా సంక్రమించినది. దానిని సమీక్షించిన రామమూర్తి సంఘపు సిఫారసులపై వివాదము చెలరేగి, 1954 నవంబరు 6న ప్రకాశం పంతులు మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందమున, తెలంగాణమున మద్యనిషేధపు సంగతిని ఆ ప్రాంతపు శాసనసభ్యులే తేల్చవలెనని ప్రత్యేకముగా వ్రాసికొనిరి. ఆ విధముగా 1956 నవంబరు 1 తరువాత రాష్ట్రము ఒకటి, శాసనములు రెండు అయ్యెను. కర్నూలున నేరమైనది, తుంగభద్ర దాటి అలంపురము చేరిన నేరము గాకపోయెను. 1968 నాటి ఆబ్కారీ చట్టముతో రెండు ప్రాంతములకు ఒకే శాసనము సమకూడెను. ఆ దశాబ్దాంతమున ఆంధ్ర ప్రాంతపు నిషేధము తొలగిపోయెను.

ఈ మార్పులన్నియు పైనుండి వచ్చినవి. క్రిందినుండి వచ్చిన మార్పు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలయ్యెను. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమమున వయోజనులు చదువుకొనిన వాచకములో, సారా దుకాణమును మూయించిన స్త్రీల కథ ఒకటి యుండెను. చదివిన స్త్రీలు చదివి ఊరకుండలేదు. తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ స్ఫూర్తి ఊరూర ప్రాకి 1992లో మహోద్యమమయ్యెను. హర్రాజులకు ఆటంకములు కలిగెను. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. ఒక పాఠము ఒక చట్టమునకు బీజమైన ఈ ఘట్టము ఉపాధ్యాయులు మరువరానిది.

1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును అమలుపరచినది. అప్పుడు కడపకును మిరుదొడ్డికిని ఒకే కట్టుబాటు. కాని గోదావరి జిల్లాల నడుమనున్న యానాము పుదుచ్చేరి పాలనలోనిది. అచటి తెలుగువారికి ఈ శాసనము వర్తింపలేదు. 1997 ఏప్రిల్ 1న నిషేధము సడలినది. సారాపై నిషేధము మాత్రము నిలిచినది. 2014లో రాష్ట్రము రెండైన పిదప దారులు మరల చీలినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 1నుండి ప్రభుత్వమే అంగళ్లు నడిపి, తొలుత ఉదయము 11నుండి రాత్రి 8 వరకే అమ్మినది. 2024 అక్టోబరు 16న అంగళ్లు మరల ప్రైవేటువారి చేతికి పోగా, వేళలు 10నుండి 10 వరకు పెరిగినవి. ఐదేండ్లలో అదే ఊరు రెండు వేళలను చూచినది.

వేళను కుదించుటతోనే మేలు కలుగునా? ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్సు, విక్టోరియా మున్నగు రాష్ట్రములు 1916లో మధుశాలలను సాయంకాలము 6కే మూయవలెనని శాసించినవి. పనివాడు 5 గంటలకు పని విడిచి, మిగిలిన గంటలో ఆదరాబాదరాగా త్రాగి వీధిన బడెను. న్యూ సౌత్ వేల్సున 1955 వరకు, విక్టోరియాలో 1966 వరకు ఈ నియమము సాగెను. గడియారము మారినంతనే అలవాటు మారదని ఈ ఉదాహరణము చెప్పుచున్నది.

మిరుదొడ్డి వంటి గ్రామములలో చిక్కు మరియొకటి కలదు. తెలంగాణమున 2021లో ప్రకటించిన విధానమున అంగడి రుసుము జనసంఖ్యను బట్టి నిర్ణయమయ్యెను. 5,000 లోపు జనాభా గలచోట ఏటికి 50 లక్షల రూపాయలు, 20 లక్షలకు మించిన నగరమున 1 కోటి 10 లక్షలు. చిన్న ఊరినుండి అంత సొమ్ము రాబట్టవలెనన్న సరుకు చుట్టుపట్ల పల్లెలకు పారవలెను. కిరాణా కొట్టులో, ఇంటి వసారాలో వెలయు బెల్టు దుకాణములకు ఇదియొక మూలము. వానికి లైసెన్సు లేదు. కావున తెరచు వేళయు లేదు, మూయు వేళయు లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినను సీసా దొరకునపుడు, పది గంటల నియమము కాగితమునకే పరిమితము. ఆ నష్టమును భరించునది కూలి డబ్బుకై ఎదురుచూచు ఇల్లాలు, ఫీజు కట్టలేక బడి మానిన పిల్లవాడు.

పరిష్కారపు జాడ మన శాసనములలోనే కలదు. 1996 నాటి కేంద్ర పంచాయతీ విస్తరణ చట్టము, షెడ్యూలు ప్రాంతములలో మద్యమును నిషేధించు లేదా నియంత్రించు అధికారము గ్రామసభకును పంచాయతీకిని కల్పింపవలెనని నిర్దేశించినది. ఆదిలాబాదు అడవులలోని గిరిజన గ్రామమునకు దొరకిన ఆ మాట, షెడ్యూలు ప్రాంతము కానందున మిరుదొడ్డికి దొరకలేదు. ఒకే రాష్ట్రమున ఒక గ్రామము మాటకు చట్టమున చోటున్నది, మరియొక దాని మాటకు లేదు. ప్రాంతములనడుమ గల భేదములన్నింటిలో ఆలోచింపదగినది ఇదియే. అంగడి పదింటికి మూయవలెనా, ఎనిమిదింటికి మూయవలెనా అనుదానికన్న, ఆ నిర్ణయమున ఊరి స్త్రీల మాటకు చోటున్నదా అనునది పెద్ద ప్రశ్న. దూబగుంట స్త్రీలు చట్టము ఇచ్చువరకు వేచియుండలేదు. ఇంతకాలము గడచిన పిదపనైనను, వారు చేసిన పని చేయు హక్కు ప్రతి గ్రామసభకును చట్టముచేత లభించుట న్యాయము.