ప్రేవులలోని నాడీకణములు

మనము భుజించిన యన్నము గొంతు దిగినపిమ్మట దాని సంగతి మనము తలపెట్టము. ఆపైని వ్యవహారమును నడపునవి ప్రేవుల గోడలలోని నాడీకణములు. అవి పదికోట్లకు తక్కువ గావని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

చిన్నప్రేవు గోడలో నిట్టి కణముల వలలు రెండు గలవు. లోపలి మెత్తని పొర క్రింద నున్నదానిని 1857వ సంవత్సరమున జర్మనీ దేశీయుడగు మైస్నరు పండితుడు వర్ణించెను. ప్రేవులో నీరూరుటను, రక్తము ప్రవహించుటను నిది చక్కబెట్టుచుండును. కండరముల నడుమ నున్న రెండవ వల యాహారమును ముందునకు నెట్టించును. 1899లో లండను నగరమున బేయ్‌లిస్, స్టార్లింగు అను వారు కుక్కప్రేవునకు వెలుపలనుండి వచ్చు నాడులను త్రెంచి చూచిరి. అయినను ప్రేవు తన పని మానలేదు. యజమానుడు ఊర లేకున్నను ఇల్లాలు సంసారము నడపినట్లే గదా!

ఈ కణములు ప్రేవులలో పుట్టినవి కావు. పిండము నాలుగు వారములదైనప్పుడు చాలవఱకు తలవైపునుండి బయలుదేరి, చిన్నప్రేవు మీదుగా, ఏడవవారమునకు పెద్దప్రేవు తుది చేరును. ఐదువేల శిశువులలో సుమారు ఒకరికి నీ ప్రయాణము నడుమనే నిలిచిపోవును. కణములు లేని భాగము ముడుచుకొనియే యుండును, మలము వెడలదు, కడుపు ఉబ్బును. ఇట్లు మరణించిన ఇరువురు పసివారి వృత్తాంతమును 1886లో కోపెన్‌హేగను వైద్యుడగు హిర్ష్‌స్ప్రుంగు బెర్లినులో వైద్యులకు నివేదించెను. 1948లో అమెరికాలో స్వెన్సను అను శస్త్రవైద్యుడు కణములు లేని భాగమును తొలగించి మంచి భాగమును క్రిందికి దెచ్చి కుట్టు పద్ధతిని ప్రకటించెను. నేడు సకాలమున చికిత్స పొందిన శిశువులలో పెక్కురు చక్కగా పెరుగుచున్నారు.

కావున తల్లులు గమనింపవలసిన దొకటి గలదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు నల్లని తొలిమలము సాధారణముగా నొక దినములోనే వెడలును. రెండు దినములైనను వెడలకున్నను, కడుపు ఉబ్బినను, పచ్చని వాంతి యైనను తక్షణమే వైద్యశాలకు గొనిపోవలెను. తమలపాకు తొడిమను ఆముదమున ముంచి పెట్టుట మన యిండ్లలో వాడుక. దానిచే నొకమారు మలము వెడలినను లేని కణములు రావు. రోగము మఱుగుపడి కాలము మించును. వైద్యుడు ప్రేవు తుదినుండి రవంత ముక్కను దీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించినచో నిజము తేలును.

బిడ్డ పుట్టిన గడియను జాతకమునకై వ్రాసియుంచుదుము. దాని ప్రక్కనే తొలిమలము వెడలిన గడియను గూడ వ్రాసికొనుడు.