పొటోమాక్ నది ఆవలి ఒడ్డు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు ఎదురుగా, పొటోమాక్ నదిని దాటగానే ఆర్లింగ్టన్ కౌంటీ. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిది. కాని దీని వైశాల్యము 26 చదరపు మైళ్లే. మన మండలములలో పెక్కు దీనికన్న పెద్దవి.

రాజధాని నిర్మాణమునకై వర్జీనియా రాష్ట్రము ఇచ్చిన నేల యిది. 1847లో మరల ఆ రాష్ట్రమునకే చేరినది. రాజధానిలో బానిసల విక్రయమునకు నిషేధము రానున్నదను భయము ఇందుకొక కారణమని చరిత్రకారులు చెప్పుదురు.

విచిత్రమేమనగా, విముక్తులైన బానిసలకు ఆశ్రయ మిచ్చినదియు ఈ నేలయే. అంతర్యుద్ధమున, 1861లో, దక్షిణ సేనాని రాబర్ట్ లీ కుటుంబపు భూములను ఉత్తరసేన ఆక్రమించెను. 1863లో అచ్చట వారికై 'ఫ్రీడ్‌మన్స్ విలేజి' యను పల్లె వెలసినది. ఇండ్లు, బడి, వైద్యశాల ఏర్పడినవి. మరుసటి యేట ఆ భూములందే సైనికుల శ్మశానవాటిక ప్రారంభమైనది. అందలి కెన్నెడీ సమాధి లోకమెరిగినదే. ఆ పల్లె నెరిగినవారు తక్కువ. 1900 నాటికి దానిని తొలగించిరి. అచ్చటివారిలో కొందరు క్వీన్ సిటీ యను పేట కట్టుకొనగా, 1942లో పెంటగన్ భవనపు రహదారులకై అదియు నేలమట్టమైనది.

ఇక బడుల మాట. వర్ణభేదపు పాఠశాలలు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, వర్జీనియా పాలకులు ఏండ్ల తరబడి అడ్డుపడిరి. 1959 ఫిబ్రవరి 2న నలుగురు నల్లజాతి పిల్లలు, ఏడవ తరగతి వారు, పోలీసుల కాపుదలలో ఇచ్చటి స్ట్రాట్‌ఫర్డ్ పాఠశాలలో అడుగిడిరి. ఆ భవనమునందే నేడు నడచుచున్న పాఠశాలకు, ఆ హక్కుకై న్యాయస్థానమున పోరాడిన డొరొతీ హామ్ పేరు పెట్టిరి.