మన వైపు బీచ్ లేదు, కొండ ఉంది: హార్స్‌లీ హిల్స్ నుంచి మూడు డే ట్రిప్‌లు

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "బీచ్ పక్కన టెంట్ వేసుకుని, చుట్టుపక్కల రోజుకొకటి చూసొచ్చే ప్లాన్ చెప్పు అన్నా" అని. మనది మదనపల్లె అప్పా, సముద్రం కావాలంటే చెన్నై దాకా పోవాల. కానీ మనకు హార్స్‌లీ హిల్స్ ఉంది కదా. రాత్రి అక్కడ పడుకుని పగలు కింద తిరిగి రావచ్చు.

ముందుగా ఒక మాట. మన ఏరియాలో కిలోమీటర్లు కాదు, టైమ్ చూసుకోవాలి. ఎందుకో చివర్లో చెప్తా.

కొండ మదనపల్లె నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, ఎత్తు 4 వేల అడుగుల పైనే. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్‌గా చేసిన హార్స్‌లీ ఎండాకాలం కోసం పైన ఇల్లు కట్టుకున్నాడు, ఆ పేరే ఉండిపోయింది. ఉండడానికి టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ ఉంది. టెంట్ మాత్రం ఎక్కడపడితే అక్కడ వేయకండి, చుట్టూ అడవి. చలిమంటలు అసలు వద్దు. పొద్దున లేచి గాలిబండ మీద నిలబడితే చాలు, ఆ పేరు ఎందుకొచ్చిందో మీకే తెలుస్తుంది.

మొదటి రోజు మదనపల్లె. పొద్దున్నే టమాటా మార్కెట్‌కు పోండి. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఇదొకటి. వేలం పాట, క్రేట్లు, లారీలు, అరుపులు... ఒక గంట నిలబడితే మన ఇంట్లో టమాటా రేటు ఎందుకు ఎగురుతుందో, ఎందుకు పడిపోతుందో అర్థమవుతుంది. రైతుల మొహంలోకి కెమెరా పెట్టేముందు మాత్రం ఒక మాట అడగండి. రేటు పడిన రోజు వాళ్ళకు అది వ్లాగ్ కాదు.

అక్కడి నుంచి బీటీ కాలేజీ, అంటే బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడికి వచ్చి కొన్ని రోజులున్నారు. జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. మనం స్కూల్లో రోజూ పాడిన పాటకు మన ఊరితో ఇంత లింక్ ఉందని నాకు డిగ్రీలో గానీ తెలీలేదు! జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా ఈ ఊర్లోనే, 1895లో. ఆయన పెట్టిన రిషివ్యాలీ దగ్గర్లోనే ఉంది. కానీ అది పిల్లలు చదువుకునే స్కూలు, పిక్నిక్ స్పాట్ కాదు. పర్మిషన్ లేకుండా గేటు దగ్గర గొడవ పడొద్దు.

రెండో రోజు పుంగనూరు. పుంగనూరు ఆవులు తెలుసు కదా? 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో మేత పెట్టిన ఆ పొట్టి ఆవులు. ఎత్తు మూడడుగుల లోపే. కానీ ఊర్లోకి పోగానే వీధి వీధికీ కనిపిస్తాయనుకోకండి. ఒక దశలో ఈ జాతి దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. దాన్ని కాపాడే పశు పరిశోధనా కేంద్రం పక్కన పలమనేరులో ఉంది. లోపల చూడాలంటే ముందే అనుమతి అడగండి.

మూడో రోజు కుప్పం. కొండ మీద నుంచి ఒక వైపే వంద కిలోమీటర్లు దాటుతుంది. అందుకే దీన్ని ట్రిప్ చివర్లో పెట్టుకోండి. బెంగళూరు, చెన్నై పోయేవాళ్ళకు కుప్పంలోనే రైలు దొరుకుతుంది. 1997లో మొదలైన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే. దారిలో పలమనేరు దాటాక కైగల్ జలపాతం వస్తుంది, మనవాళ్ళు దుముకురాళ్ళు అంటారు. చూడండి, ఫొటో తీసుకోండి, నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. బండలు పాచి పట్టి జారతాయి, కింద లోతు పైకి తెలీదు. ఈత వచ్చు కదా అని ధైర్యం చేయొద్దు.

ఇప్పుడు టైమ్ సంగతి. ఈ దారి కౌండిన్య అభయారణ్యం పక్కనుంచి పోతుంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి ఉండిపోయాయి. 1990లో దీన్ని అభయారణ్యం చేశారు. పొద్దు గూకితే అవి చేలల్లోకి, రోడ్ల మీదికి దిగుతాయి.

ఒకసారి నేనూ, నా ఫ్రెండూ జలపాతం దగ్గర రీల్ కోసం లేట్ చేసి, చీకటి పడ్డాక బైక్ మీద బయల్దేరాం. మ్యాప్‌లో రోడ్డు ఖాళీగా నీలంగా కనిపిస్తోంది. ఒక పెద్దాయన టార్చ్ ఊపుతా అడ్డమొచ్చాడు. "యాడికి నాయనా? ముందర ఏనుగులు దిగుండాయి. ఆడనే ఆగండి, లారీ వస్తే దాని ఎనకాలే పోండి" అన్నాడు. ముందు నవ్వుకున్నాం. కాసేపటికి చీకట్లో కొమ్మలు విరిగే చప్పుడు వినిపించింది. నవ్వు ఆగిపోయింది. ఆయన అక్కడ ఎందుకున్నాడంటే, తన చేను కాపలాకు. మేం ఒక్క రాత్రి భయపడ్డాం, ఆయనకు అది రోజూ ఉండేదే.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. కైగల్ నుంచి నాలుగింటికల్లా బయటపడండి. ఏనుగు కనిపిస్తే హారన్ కొట్టొద్దు, ఫ్లాష్ వేయొద్దు, దూరంగా ఆగి వెనక్కి తిరగండి. ఆ ఊరివాళ్ళు ఆగమంటే ఆగండి. మ్యాప్‌కు ఏనుగులు కనిపించవు.

మీరు ఏ రోజు ట్రిప్‌తో మొదలుపెడతారో కామెంట్‌లో చెప్పండి. జాగ్రత్తగా పోయి రండి, మళ్ళీ కలుద్దాం.