ఆల్ప్సు కొండదారిలో గృహిణి

యాత్ర యనిన నింటిల్లిపాదికిని విశ్రాంతి యని తలంతురు గాని, గృహిణికి మాత్రము వంటయిల్లు వెంటనే వచ్చుచుండును. క్యాంపర్ వ్యాను ప్రయాణములో నీ మాట యక్షరాలా నిజము. ఆ బండిలోనే పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్లతొట్టి, చిన్న ఫ్రిజ్జు అమర్చియుండును. నేడు జర్మనీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశములలో నుద్యోగరీత్యా నివసించు తెలుగు కుటుంబములు గలవు. వేసవిలో నట్టి బండి నద్దెకు దీసికొని, స్వదేశమునుండి వచ్చిన తలిదండ్రులతోడను, బిడ్డలతోడను ఆల్ప్సు పర్వతములకు బోవువారును గలరు. తీరా కొండకు నడువవలసిన దినమున “మీరు పోయి రండు, నేనిచ్చటనే యుండి వంట చూచుకొందును” అను మాట తరచుగా నాడువారి నోటనే వెలువడును. సోదరీమణులారా, ఆ మాట యనవలసిన యగత్యము లేదని చెప్పుటకే యీ నాలుగు పంక్తులును వ్రాయుచున్నాను.

కొండనడకకు గావలసినది కండబలముకంటె ముందుచూపు. ఇందులకు ఫ్రాన్సులోని షామొనీ లోయ చరిత్రమే సాక్ష్యము. ఆ లోయకు మీదుగా నిలిచియున్న మోం బ్లాన్, అనగా తెల్లకొండ, ఆల్ప్సు శిఖరములలో నెల్ల నున్నతమైనది. దాని యెత్తు సుమారు 4,800 మీటర్లు. 1786వ సంవత్సరమున జాక్ బల్మా, మిషెల్ పక్కార్ అను నిరువురు మొట్టమొదట దాని కొనకు జేరిరి. 1808లో మరీ పరాడీ యను పేద పనికత్తె బల్మాతో గూడ బయలుదేరి యా శిఖరమెక్కిన తొలి స్త్రీ యయ్యెను. ఆ పేరు వచ్చినచో బాటసారులు తన్ను జూడవత్తురనియు, నాలుగు డబ్బులు చేతికందుననియు నామె యాశపడెనందురు. కాని తగిన సన్నాహము లేకుండుటచే సగము దారిలోనే సొమ్మసిల్లగా దోడివా రామెను లాగుకొనుచు మోసికొనుచు పైకి జేర్చిరి.

ముప్పదియేండ్లు గడచిన పిదప, 1838లో, ఆన్రియెత్ దాంజెవిల్ అను వనిత తన నలువదినాలుగవయేట నదే కొండ నెక్కెను. ఈమె దారిబత్తెమును దానే నిర్ణయించుకొనెను. మార్గదర్శకులను దానే కుదుర్చుకొనెను. ఆ కాలపు స్త్రీల పొడవుగౌనులు మంచులో నడచుట కడ్డమగునని లోపల లాగు తొడిగి, పైన వెచ్చని యంగీ ధరించి తనకు దగిన దుస్తులు గుట్టించుకొనెను. దిగివచ్చినతోడనే మరీ పరాడీని విందునకు బిలిచి గౌరవించెను. ఇరువురి ధైర్యమును సమానమే. భేదమంతయు నేర్పాటులలో నున్నది. ఇంటిలో నెలసరుకు లెక్కగట్టి, పదిమందికి వేళకు వడ్డించు గృహిణికి నేర్పాటు లన నెంతటి పని?

అంతటి శిఖరము మన కక్కఱలేదు. అదే లోయలో నొక్కదినమున బూర్తియగు చక్కని దారి యొకటి గలదు. షామొనీ యూరు 1,035 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటినుండి ఎగ్విల్ దు మిదీ శిఖరమునకు బోవు రోప్‌వేలో మొదటి మజిలీవఱకే పోయినచో 2,317 మీటర్ల యెత్తునగల ప్లాన్ ద లెగ్విల్ అను చోటు చేరుదుము. అక్కడనుండి కొండప్రక్కగా మోంతాంవేర్ వఱకు గాలిబాట సాగును. మోంతాంవేర్ 1,913 మీటర్ల యెత్తున నుండుటచే నీ నడకలో నెక్కుట తక్కువ, దిగుట యెక్కువ. మెల్లగా, నడుమనడుమ గూర్చుండుచు నడచువారికి మూడు నాలుగు గంటలు పట్టును. జూన్ నెలలో బాటపై నక్కడక్కడ పాతమంచు నిలిచియుండును గావున జూలై మొదలు సెప్టెంబరు వఱకు నీ నడక కనువైన కాలము. గుండెజబ్బు గాని యుబ్బసము గాని గలవారు ముందుగా వైద్యునడిగి పోవుట మంచిది.

బండిని గూర్చియు రెండు మాటలు చెప్పవలయును. ఆ దేశములలో నిష్టమువచ్చినచోట రాత్రి బండి నిలుపుట కనుమతి యుండదు. ఊరూరికి నిబంధనలు వేఱు. కావున లోయలోని క్యాంపింగు మైదానములలో నొకదానియందు ముందుగా జాగా కుదుర్చుకొనవలయును. మంచినీరు పట్టుకొనుటకును, వాడిననీరు పాఱబోయుటకును అచ్చట వేఱువేఱు తావులు గలవు. బండిలో బొయ్యి వెలిగించినపుడు కిటికీ తెఱచియుంచుట మఱవరాదు. మూసినచోట విషవాయువు చేరి ప్రాణములకే మోసము వచ్చును. కదలుటకు ముందు గ్యాసు కట్టివేయవలయును.

ముందురాత్రియే పులిహోర కలిపియుంచినచో ఉదయమున బొయ్యి జోలికి బోనక్కఱలేదు. వేరుసెనగ పప్పుండలు, ఖర్జూరములు, మనిషికి లీటరున్నర తక్కువ గాకుండ నీళ్లు తీసికొనవలయును. ఈ మూటలు మగవారును, ఎదిగిన బిడ్డలును బంచుకొని మోయుట న్యాయము. చీరకుచ్చెళ్లు రాళ్లపై కాలికడ్డుపడును గావున సల్వారో పంట్లామో తొడుగుకొనుట క్షేమము. ఒక్క మందపు కోటుకంటె బలుచని యంగీలు రెండుమూడు ఒకదానిపై నొకటి ధరించుట మేలు. వేడియైనచో నొకటి తీయవచ్చును, చలివేసినచో మఱల దొడుగవచ్చును. ప్రతి వేయి మీటర్ల యెత్తునకును సుమారు ఆఱు డిగ్రీల వేడిమి తగ్గును. లోయలో నెండ కాయుచున్నను బైన జలి కొఱుకుటకు గారణ మిదియే. వానకోటు, చీలమండను బట్టియుంచు గట్టి జోళ్లు తప్పక యుండవలయును.

ఉదయపు తొలివేళనే రోప్‌వే యెక్కవలయును. వేసవిలో నుదయము నిర్మలముగా నున్న యాకాశమున మధ్యాహ్నమునకు మబ్బుగమ్మి, యుఱుములు మెఱుపులతో వాన గురియుట యచ్చట సామాన్యము. బాట మొదలైనతోడనే కుడిచేతివైపున సూదులవలె నిలిచిన రాతిశిఖరములును, ఎడమచేతివైపున లోతైన లోయయు గానవచ్చును. ‘ఎగ్విల్’ అనగా నా భాషలో సూదియే. బండలనడుమ గులాబివన్నె పూలగుత్తులతో నుండు చిన్న పొదలు మన హిమాలయములయందలి రోడోడెండ్రాన్ జాతికి జెందినవి. ఉడుతల కుటుంబమునకు జెందిన మార్మట్ యను బలిసిన జంతువు మనుష్యుని జూచి యీలవైచి కలుగులో దూఱును. పిల్లల కంతకుమించిన వినోదము వేఱొకటి యుండదు. కూడలులందలి పలకలపై నడచుటకు బట్టు కాలమును వ్రాసియుందురు. మనతో వృద్ధులును బాలురును గలరు గావున దానికి గొంత కలుపుకొని లెక్కించుకొనవలయును.

మబ్బు నల్లబడినను, ఒక్కరి మోకాలు నొచ్చినను, వెనుదిరుగుట కెవ్వరును సిగ్గుపడరాదు. ఈ తీర్పును గుంపులో నందఱికంటె మెల్లగా నడచువారికే వదలవలయును. అపాయమేర్పడినచో ఐరోపా దేశములందంతటను 112 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మోంతాంవేర్ చేరినపిదప గ్రిందుగా గనబడునది మేర్ ద గ్లాస్, అనగా మంచుసముద్రము. ఇది ఫ్రాన్సులో నెల్ల బెద్దదగు హిమానీనదము. పైకొండలపై నేటేట గురిసిన మంచు తన బరువుచేతనే గట్టిపడి, మన కంటికి దెలియనంత మెల్లగా బల్లమునకు బ్రవహించును. తెల్లని సముద్రమును జూడవచ్చిన వారికి నేడు మొదట గానవచ్చునవి బూడిదవన్నె రాళ్లకుప్పలు. మంచు కరగగా నందలి రాళ్లు బయటబడి పైన గప్పుకొన్నవి. 1988లో అచ్చటి రోప్‌వే దిగినవారికి మంచును జేరుటకు గొలదిమెట్లే యుండెను. భూమి వేడెక్కి మంచు క్రుంగినకొలది నేటేట మెట్లు చేర్పవలసివచ్చి యవి యైదువందలు దాటినవి. తుదకు 2024లో మఱికొంత యెగువన గ్రొత్త రోప్‌వే నేర్పఱచిరి. దిగుదారిప్రక్క బండలపై నేయేట మంచు ఎంతవఱకుండెనో తెలుపు పలకలు గొట్టియున్నారు. ఒక పలకనుండి మఱియొక పలకకు దిగుచుండగా, తల్లి చూచిన మంచును బిడ్డ యదే యెత్తున జూడలేదని యెవరును జెప్పకయే బోధపడును.

తిరుగుదారికి మోంతాంవేర్ నుండి షామొనీకి బండ్లచక్రములవంటి వట్టి చక్రములతో గాక, పట్టాలనడుమ బండ్లపట్టా గఱచుకొని దిగు చిన్న రైలు గలదు. ఇరువది నిమిషములలో నూరు చేరును. కడపటి రైలు వేళను ఉదయముననే తెలిసికొని యుండవలయును. ఆ సాయంకాలము వంట అందఱిదియు గావలయును. ఒకరు బియ్యము కడిగిన నొకరు కూరలు తఱుగవలయును. నడచి యలసినవారిలో గృహిణియు నొకతెయే గదా!

అన్నము ఱేపు నైనను వండుకొనవచ్చును. కాలములో గ్రుంగుచున్న యా మంచు మనకొఱకు వేచియుండదు. కావున నీసారి బండియొద్ద గావలియుండక, జోళ్లు బిగించి బిడ్డలతోపాటు మీరును నడువుడు.