అటక మీది ఆటలు

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించిందా? పక్కనే రంగురంగుల క్యాసెట్లు నాలుగు, వైరు చుట్టిన రిమోట్లు రెండు ఉన్నాయా? అయితే తొందరపడి పాతసామాన్లవాడికి వేసేయకండి. 1990లలో మన ఊళ్లలో ఎంతోమంది పిల్లల వేసవి సెలవులు ఆ డబ్బాలోనే గడిచిపోయాయి. టీవీకి తగిలించడం, బొమ్మ వచ్చేదాకా చానెల్ తిప్పడం, క్యాసెట్ పట్టకపోతే ‘ఉఫ్’మని ఊది మళ్లీ పెట్టడం... గుర్తొచ్చాయి కదూ!

ఆనాటి పిల్లలు ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లలో కొందరు అవే ఆటల డిజిటల్ నకళ్లను పోగుచేసుకుని కంప్యూటర్లోనో, సెల్‌ఫోన్లోనో ఆడుకుంటున్నారు. స్టాంపులు, నాణేలు దాచుకున్నట్టే ఇదీ ఒక సరదా. “పెద్దవాళ్లకి ఇదేం పిచ్చమ్మా” అనకండి. దీని వెనక కాస్త కథ ఉంది.

క్యాసెట్‌లో ఏముంది?

జపాన్‌కి చెందిన నింటెండో కంపెనీ 1983 జులైలో ‘ఫామికామ్’ అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. మన బజార్లలో దొరికినవి చాలామటుకు దాన్ని చూసి చేసిన నకలు యంత్రాలే. ‘9999 ఆటలు’ అని అట్ట మీద గొప్పగా రాసి ఉండేది. తీరా చూస్తే ఉన్నవి కొన్నే, వాటినే పేర్లు మార్చి తిప్పి తిప్పి చూపించేవారు!

క్యాసెట్ అన్నామే గానీ అందులో టేపు లేదు. చిన్న చిప్పు, దానిలోనే ఆటంతా. ఆ చిప్పును చదివే పరికరంతో దాన్ని కంప్యూటర్ ఫైలుగా మారిస్తే అదే డిజిటల్ నకలు. పాత యంత్రంలా నటించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. ఫైలు దాని చేతికిస్తే ఆట మొదలవుతుంది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం కలిపి 40 కిలోబైట్లే. మీ ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది!

ఎందుకీ తాపత్రయం?

ఈ ఆటలు చెప్పాపెట్టకుండా మాయమైపోతున్నాయి మరి. కొన్ని క్యాసెట్లలో మన ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకోవడానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ఆ గుర్తూ పోతుంది. బాతుల్ని కాల్చే తుపాకీ ఈనాటి పల్చటి టీవీల ముందు మొరాయిస్తుంది. దాన్ని పాత పిక్చర్ ట్యూబు వెలుగుకి తగినట్టే తయారుచేశారు.

పోనీ డబ్బిచ్చి కొనుక్కుందామా అంటే అదీ కష్టమే. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అదే ఏడాది మార్చిలో నింటెండో తన రెండు పాత యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. పాత సినిమా రీళ్లు పాడైపోయాయని ఇప్పుడు బాధపడుతున్నాం కదా, ఆటల సంగతీ అంతే.

ఒకావిడ దాచిన కాగితాలు

కెరోల్ షా పేరు విన్నారా? 1978లో అమెరికాలోని అటారీ కంపెనీలో చేరిన ఇంజినీరు. వీడియో గేములు తయారుచేసిన తొలితరం మహిళల్లో ఒకరు. తర్వాత యాక్టివిజన్ కంపెనీలో ఉండగా 1982లో ‘రివర్ రెయిడ్’ తయారుచేశారు. నది మీద విమానం నడిపే ఆట. క్యాసెట్‌లో ఉన్న చోటు 4 కిలోబైట్లే. అంత పొడుగు నదిని అందులో ఎలా ఇమిడ్చారు? నది బొమ్మను దాచిపెట్టకుండా, లెక్క ప్రకారం ఎప్పటికప్పుడు గట్లు పుట్టుకొచ్చేలా రాశారు. ఉన్న సరుకుతోనే పదిమందికి వంట సర్దే నేర్పు మనకి కొత్తా!

ఆవిడ తన ఆటలు, ప్రోగ్రాము కాగితాలు భద్రంగా దాచి 2017లో రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియానికి ఇచ్చారు. అవి మూలన పడి చెదపట్టి ఉంటే ‘ఆడవాళ్లకి ఇవన్నీ ఏం తెలుసు’ అనేవాళ్లకి మనం చూపించే సాక్ష్యం ఒకటి తగ్గేది.

మరి ఇది దొంగతనం కాదా?

న్యాయమైన ప్రశ్న. ఆట అమ్మకంలో లేనంత మాత్రాన కాపీరైట్ పోదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం, న్యాయంగా కొనుక్కున్న ప్రోగ్రాము పోకుండా జాగ్రత్త కోసం మనం నకలు తీసి ఉంచుకోవచ్చు. దాన్ని ఊరందరికీ పంచిపెట్టడం వేరు సంగతి. అమెరికాలో గ్రంథాలయాలు ఇలాంటి పాత ఆటలను పరిశోధకులకి దూరం నుంచి చూపిస్తామని అడిగితే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం ఒప్పుకోలేదు. కంపెనీల భయం కంపెనీలది, దాచేవాళ్ల దిగులు దాచేవాళ్లది. ఈ తగువు ఇప్పట్లో తేలేలా లేదు.

ఆడాలనుకుంటే...

* కంపెనీలే మళ్లీ అమ్ముతున్న పాత ఆటలు ఉన్నాయేమో ముందు చూడండి.
* పాత యంత్రాల కోసం ఔత్సాహికులు కొత్తగా తయారుచేసి, ఉచితంగా ఇచ్చే ఆటలూ ఉన్నాయి. వాటితో ఏ పేచీ లేదు.
* ‘వెయ్యి ఆటలు ఉచితం’ అంటూ వచ్చే లింకులు నొక్కకండి. ఆట పేరుతో ఫోనులోకి ఇంకేదో దిగబడొచ్చు. పిల్లలకీ ఈ మాట చెప్పండి.
* అటక మీది క్యాసెట్లను తడి తగలకుండా డబ్బాలో పెట్టి, పేర్లు రాసి ఉంచండి.

చివరగా ఒక్క మాట. జపాన్‌లో వచ్చిన ఆ ఫామికామ్‌కి రెండు రిమోట్లు ఉండేవి. రెండోదానికి స్టార్ట్ బటనే లేదు! మొదలుపెట్టినా, ఆపినా మొదటి రిమోట్ ఉన్నవాళ్లే చెయ్యాలి. మన ఇళ్లల్లో ఆ మొదటిది ఎవరి చేతిలో ఉండేదో వేరే చెప్పాలా? అన్నయ్య అలిసిపోతే, తమ్ముడు అన్నానికి లేస్తే మన వంతు వచ్చేది. ఈలోగా వంటింట్లోంచి అమ్మ కేక వినిపించేది.

మధ్యాహ్నం పనులు తెమిలాక ఓ అరగంట మారియోని గెంతిస్తే కొంప మునిగిపోదు. పక్కన మీ అమ్మాయిని కూర్చోబెట్టుకోండి, మొదటి రిమోట్ దాని చేతికివ్వండి. ఏమంటారు?